ఉప్పు మళ్ళలో ఎర్ర నీళ్ళు... వాటిలోనూ వైరస్‌లుంటాయట, నిజమేనా?

భీమిలి_బుల్లోడు · ఏప్రిల్ 12, రాత్రి 9:14

మొన్న ఆదివారం బండి మీద భీమిలి వైపు వెళ్తూ ఉప్పు మళ్ళ దగ్గర ఆగాను. వందసార్లు చూసిన చోటే. ఈసారి చివరి వరస మళ్ళలో నీళ్ళు గులాబీ రంగుకి తిరిగి ఉన్నాయి. గట్టు మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగితే "ఎండలు ముదిరితే అంతే బాబూ, నీరు ఎర్రబారిందంటే ఇంక ఉప్పు దిగిపోద్ది" అన్నాడు. ఒక సీసా నింపుకుని వచ్చాను. మా ఆవిడ చూసి "ఏటిది, రోజ్ మిల్కా?" అంది.

ఇంటికొచ్చి వెతికితే ఆ రంగు ఆర్కియా అనే సూక్ష్మజీవుల వల్ల అని తెలిసింది. అక్కడే ఒక వాక్యం, ఈ ఆర్కియాకి కూడా వైరస్‌లు పడతాయి అని. అంత ఉప్పులో ఒక జీవి బతకడమే వింత, మళ్ళీ దానికి జ్వరమా? ఆ వైరస్‌లు ఎలా ఉంటాయి, వాటిని ఏం చేస్తాయి, తెలిసినవాళ్ళు చెప్పండి. సీసా కిటికీలో పెట్టాను.

అనుమానం_అప్పారావు · ఏప్రిల్ 12, రాత్రి 9:40

ఆ రంగు డునాలియెల్లా అనే నాచు వల్ల వస్తుంది. స్కూలు పిల్లలక్కూడా తెలుసు. ఆర్కియా, వైరస్ అని పెద్ద పెద్ద మాటలెందుకు.

ఉప్పుకల్లు · ఏప్రిల్ 12, రాత్రి 11:02

అప్పారావు గారూ, సగం కరెక్ట్. డునాలియెల్లా కూడా ఎర్రబడుతుంది, అది కాస్త ముందు మళ్ళలో ఎక్కువ. ఉప్పు గడ్డకట్టే చివరి మడిలో మాత్రం గులాబీ రంగు చాలావరకు ఆర్కియాదే. వాటి పొరలో ఉండే కెరోటినాయిడ్లు అనే ఎర్రటి రంగు పదార్థాల వల్ల ఆ రంగు. నేను ఇక్కడే విశాఖలో ఈ ఉప్పు ఆర్కియా మీద పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

సముద్రపు నీళ్ళలో ఉప్పు సుమారు 3.5 శాతం. చివరి మడిలో 30 శాతం దాటుతుంది. అక్కడ మామూలు జీవి కణంలో నీరంతా బయటికి లాగేసి, మాగాయ ముక్కలా ముడుచుకుపోతుంది. ఈ ఆర్కియా చేసే పని ఏంటంటే, కణం లోపల పొటాషియం లవణం దట్టంగా నింపుకుంటాయి. బయటెంత ఉప్పో లోపలా అంతే, ఇక లాగడానికేమీ ఉండదు. వాటి ప్రోటీన్లు కూడా ఆ ఉప్పులోనే సరిగ్గా నిలబడేలా తయారై ఉంటాయి. అందుకే వాటిని మంచినీళ్ళలో వేస్తే పగిలిపోతాయి. ఉప్పు వాటికి శిక్ష కాదు, అదే ఆధారం.

వైరస్‌లకొస్తే, స్పెయిన్ ఉప్పు మళ్ళలో లెక్కపెట్టారు. చివరి మళ్ళలో ఒక్క మిల్లీలీటరు నీళ్ళలో కోట్లలో కణాలు, వాటికి దాదాపు పదింతలు, అంటే వంద కోట్ల దాకా వైరస్ రేణువులు. మీ కిటికీలో ఉన్న సీసాని ఒకసారి ఆ కంటితో చూడండి.

మొదటిది 1974లో దొరికింది. టోర్స్‌విక్, డుండాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హాలోబ్యాక్టీరియం అనే ఉప్పు ఆర్కియా మీద పడే వైరస్‌ని వర్ణించారు. తమాషా ఏంటంటే అప్పటికి ఆర్కియా అనే వర్గమే లేదు! కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అది బ్యాక్టీరియా కాదు, వేరే తెగ అని 1977లో గానీ చెప్పలేదు. కాబట్టి ఆ మొదటి వైరస్ మూడేళ్ళ పాటు బ్యాక్టీరియా వైరస్ అన్న పేరుతోనే చలామణీ అయింది.

మాస్టారు_రిటైర్డ్ · ఏప్రిల్ 13, ఉదయం 6:05

అమ్మాయీ, బాగా రాశావు. ఆర్కియా అంటే గ్రీకులో "ప్రాచీనమైనవి" అని కదా, తెలుగులో "ఆదిజీవులు" అనవచ్చునేమో? నేను ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను, మా రోజుల్లో పుస్తకాల్లో ఈ మాటే ఉండేది కాదు.

ఉప్పుకల్లు · ఏప్రిల్ 13, ఉదయం 8:31

నమస్కారం మాస్టారూ. పేరు అందంగానే ఉంది గానీ తప్పుదారి పట్టిస్తుంది. ఇవి బ్యాక్టీరియా కంటే పాతవని కాదు. పైగా కణం లోపలి యంత్రాంగం చూస్తే, డీఎన్ఏని కాపీ చేసే తీరు, చదివే తీరు, బ్యాక్టీరియా కంటే మనకే దగ్గర. ఆర్కియా అనే ఉంచేద్దాం.

మధురవాడ_మణి · ఏప్రిల్ 13, ఉదయం 10:20

ఆ వైరస్‌లు చూడ్డానికి ఎలా ఉంటాయక్కా? పాఠాల్లో వేసే చంద్రయాన్ ల్యాండర్ లాంటిదేనా, తల, తోక, కాళ్ళు?

ఉప్పుకల్లు · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:15

మొదట దొరికినవి అలాంటివే మణీ, తల తోక ఉన్నవి. బ్యాక్టీరియా వైరస్‌లకి దగ్గరి చుట్టాలు. కానీ ఆర్కియా దగ్గర తప్ప ఇంకెక్కడా కనబడని ఆకారాలున్నాయి, నాకు ఈ సబ్జెక్ట్ మీద మోజు పుట్టింది అక్కడే.

ఒకటి కదురు ఆకారం. రెండు కొసలూ సన్నగా, మధ్యలో ఉబ్బి, నిమ్మకాయలా. ఉప్పులో దొరికే హిస్1 అనేది ఇలాంటిదే, ఆస్ట్రేలియా ఉప్పు మళ్ళలో దొరికింది, 1998లో వర్ణించారు. ఇదే కదురు వేడినీటి బుగ్గల్లోనూ ఉంది. జపాన్‌లో బెప్పు ఊరి బుగ్గల్లోని సల్ఫోలోబస్ అనే ఆర్కియాలో దొరికిన ఎస్ఎస్‌వీ1. సీసా ఆకారంలో ఒకటి, ఇటలీలో పొజ్జువోలి దగ్గర. స్ప్రింగులా చుట్టుకున్నది ఒకటి, ఎరోపైరమ్ అనే ఆర్కియా మీద.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది అదే పొజ్జువోలి బుగ్గల్లో దొరికిన రెండు తోకల వైరస్, ఏటీవీ అంటారు. 2005లో బయటపెట్టారు. ఆ బుగ్గ దాదాపు 90 డిగ్రీల వేడి, నిమ్మరసం కంటే పులుపు. కణంలోంచి బయటపడేటప్పుడు ఇది మామూలు నిమ్మకాయలా ఉంటుంది. బయటికొచ్చాక, కణం సాయం లేకుండా, ఆ వేడికే రెండు కొసల నుంచీ తోకలు మొలుస్తాయి! వైరస్ అంటే కణం బయట రాయిలా పడి ఉండేదని మనం చదువుకున్నాం. ఇది బయట పెరుగుతుంది. 75 డిగ్రీల కంటే బాగా చల్లగా ఉంచితే మొలవవు.

అనుమానం_అప్పారావు · ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:50

వినడానికి బావుంది. కానీ వైరస్ పని ఒకటే కదా, దూరడం, పిల్లలు పెట్టడం, పగలగొట్టి బయటికి రావడం. ఆకారం ఏదైతేనేం?

ఉప్పుకల్లు · ఏప్రిల్ 13, రాత్రి 10:48

ఈ "పగలగొట్టి రావడం" దగ్గరే తేడా అంతా. ఆర్కియా వైరస్‌లలో చాలావాటికి ఇల్లు కూల్చే అలవాటు లేదు. అద్దెకుంటాయి.

ఉప్పు ఆర్కియా మీద పడే హెచ్ఆర్‌పీవీ-1 సంగతి చూడండి. ఇటలీ ఉప్పు మళ్ళ శాంపిల్‌లో దొరికితే ఫిన్లాండ్ వాళ్ళు 2009లో వర్ణించారు. దీనికి గట్టి డొప్ప లేదు. కొవ్వు పొరతో చేసిన చిన్న మూట, లోపల డీఎన్ఏ, పైన ముళ్ళలాంటి ప్రోటీన్. ఆ పొర కణం పొరతో కలిసిపోయి లోపలికి పోతుంది, బయటికొచ్చేటప్పుడు కణం పొరనే కాస్త చుట్టుకుని మొగ్గలా ఊడిపడుతుంది. కణం చావదు. కాస్త నీరసంగా పెరుగుతుంది, అంతే. రోజుల తరబడి వైరస్‌ని వదులుతూనే ఉంటుంది.

ఎస్ఎస్‌వీ1 ఇంకో రకం. తన డీఎన్ఏని కణం డీఎన్ఏలోనే, ఒక టీఆర్ఎన్ఏ (ప్రోటీన్ల తయారీలో సాయపడే అణువు) జన్యువు దగ్గర అతికించేసి కూర్చుంటుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే నిద్రలేచి, లెక్కకు మించి కాపీలు తీస్తుంది. అప్పుడు కూడా చాలా కణాలు బతికి బట్టకడతాయి.

కూల్చేవి లేవని కాదు. ఐస్‌లాండ్ బుగ్గల్లోని సల్ఫోలోబస్ మీద పడే కర్రలాంటి వైరస్ ఒకటుంది, ఎస్ఐఆర్‌వీ2. కణం ఉపరితలం మీద వెంట్రుకల్లాంటి పోగులుంటాయి. ఇది పోగు కొసని నిమిషంలోపే పట్టుకుని, దాని వెంబడి కణం ఒంటి దాకా వచ్చేస్తుంది. లోపలికి పోయి కణం డీఎన్ఏని ముక్కలు చేసి తన కాపీలు కట్టలు కట్టలుగా పేర్చుకుంటుంది. తర్వాత కణం పైన పిరమిడ్లు లేస్తాయి. నిజం పిరమిడ్లే, కాకపోతే నాలుగు పలకలు కాదు, ఏడు! కణం గోడని చీల్చుకుని బయటికి పొడుచుకొస్తాయి. వేళయ్యాక ఒక్కో పిరమిడ్ తామర మొగ్గలా ఏడు రేకలుగా విచ్చుకుంటుంది, ఆ కన్నంలోంచి వైరస్‌లు బయటపడతాయి. ఆ పిరమిడ్‌కి కావలసింది ఒకే ఒక్క చిన్న ప్రోటీన్. దాన్ని ఈ-కొలై బ్యాక్టీరియాలో తయారు చేయిస్తే అక్కడా పిరమిడ్లు లేచాయి. 2009 దాకా ఇలాంటిది ఒకటుందని ఎవరూ ఊహించలేదు.

రేపు పొద్దున్నే సెమినార్ ఉంది. మిగతాది తర్వాత.

గాజువాక_గీత · ఏప్రిల్ 14, ఉదయం 11:30

నాకు సైన్స్ పెద్దగా రాదు గానీ ఒక డౌటు. హార్బర్ దగ్గర ఉప్పు చేపలు కొని డబ్బాలో పెట్టాను. నెల రోజులకి పైన ఎర్రగా, పట్టుకుంటే జిగురుగా అయ్యాయి. మా అత్తగారు "ఎర్ర పట్టింది, పారేయ్" అన్నారు. ఇది కూడా ఆ మళ్ళలో ఉండేదేనా? వైరస్ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది, పిల్లలు తిన్నారు.

ఉప్పుకల్లు · ఏప్రిల్ 14, మధ్యాహ్నం 3:22

గీత గారూ, టెన్షన్ పడకండి. ఆ ఎరుపు చాలావరకు ఉప్పు ఆర్కియాదే. మళ్ళలోని ఉప్పుతో పాటే చేప మీదికి వస్తాయి, తేమ తగిలితే పెరుగుతాయి. మనుషులకి జబ్బు తెస్తుందని రుజువైన ఆర్కియా ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. వాటి వైరస్‌లు ఆర్కియా కణాల్ని తప్ప మరిదేన్నీ పట్టుకోలేవు, మన కణం వాటికి తాళం సరిపోని తలుపు. అయినా మీ అత్తగారి మాటే ఖాయం, ఎర్ర పట్టిన చేప చెడిపోవడం మొదలైనట్టే, దాంతో పాటు వేరే క్రిములూ ఉండొచ్చు. పారేయండి.

మీ ప్రశ్నతో ఒకటి గుర్తొచ్చింది. ఉప్పులో నెలల తరబడి మాగబెట్టిన చేపల సాస్‌లోంచి హాలోబ్యాక్టీరియం వైరస్‌లని 1982లో వేరుచేశారు. కాబట్టి వంటింట్లోనూ ఈ కథ నడుస్తూనే ఉంది.

గాజువాక_గీత · ఏప్రిల్ 14, మధ్యాహ్నం 3:40

హమ్మయ్య. థాంక్సమ్మా. అత్తగారికి చెప్పను, ఇంకా పెత్తనం పెరుగుద్ది 😄

రొయ్యలరాజు · ఏప్రిల్ 14, రాత్రి 8:10

మేడమ్, నాకు భీమిలి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వైరస్ అన్న మాట వింటేనే కడుపులో దేవినట్టవుద్ది. తెల్లమచ్చ రోగం వచ్చి ఒక పంట 48వ రోజుకే పట్టేయాల్సి వచ్చింది, కిలోకి వంద పైన కౌంటు. పిల్ల ఇచ్చిన హేచరీ వాడు టెస్ట్ కాగితం చూపించి చేతులు దులుపుకున్నాడు. ఈ ఆర్కియా వైరస్‌కీ తెల్లమచ్చకీ సంబంధం ఉందా? మా చెరువుకి ఉప్పు మళ్ళు పక్కనే.

ఉప్పుకల్లు · ఏప్రిల్ 14, రాత్రి 10:15

లేదండీ, ఏ సంబంధమూ లేదు. తెల్లమచ్చ వైరస్ రొయ్య, పీత జాతుల మీద పడేది. ఉప్పు మళ్ళ వైరస్ మీ రొయ్యని ముట్టుకోలేదు.

కానీ మీ చెరువులో ఆర్కియా ఉన్నాయి, ఉప్పువి కాదు, అమ్మోనియా తినేవి. మేత ఎక్కువైతే అమ్మోనియా పెరుగుతుంది కదా, దాన్ని నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవుల్లో బ్యాక్టీరియాతో పాటు వీళ్ళూ ఉంటారు. వీటిలో మొదట పెంచగలిగింది నైట్రోసోప్యుమిలస్, 2005లో. ఎక్కడ దొరికిందో తెలుసా, అమెరికాలో సియాటిల్ అక్వేరియం తొట్టిలోని గులకరాళ్ళలో.

వీటికీ వైరస్ ఉందని 2019లో కొరియావాళ్ళు చూపించారు. సముద్రతీరపు నీళ్ళలోంచి తీసిన కదురు ఆకారపు వైరస్. ఇదీ అద్దె బాపతే. కణాన్ని చంపకుండా బయటికి వస్తూ ఉంటుంది, కానీ కణం పెరగడం ఆగిపోతుంది, అమ్మోనియా తినడం మందగిస్తుంది. చావు లేదు, ఉత్పత్తి పడిపోయింది.

రొయ్యలరాజు · ఏప్రిల్ 14, రాత్రి 10:31

అంటే నాకు అమ్మోనియా ఒక్కోసారి ఎందుకు దిగదో దీనివల్లేనా? ప్రోబయాటిక్ ప్యాకెట్లు కేజీలు కేజీలు పోస్తున్నాం.

ఉప్పుకల్లు · ఏప్రిల్ 14, రాత్రి 10:44

అలా అనలేను రాజుగారూ. ల్యాబ్ ఫ్లాస్కులో ఒక జాతి మీద చూసింది అది. చెరువులో అమ్మోనియా దిగకపోవడానికి మేత, పీహెచ్, ఆక్సిజన్, అడుగు బురద, ఇవన్నీ ముందు చూడాలి. వైరస్ పేరు చెప్పి మీకు ఇంకో ప్యాకెట్ అమ్మేవాడు వస్తే నమ్మకండి.

అనుమానం_అప్పారావు · ఏప్రిల్ 15, ఉదయం 7:00

అద్దె, అద్దె అంటున్నారు. మరి ఇంటివాడు ఊరుకుంటాడా? అన్ని కోట్ల వైరస్‌లుంటే ఆర్కియా అనేవి ఈపాటికి మిగలకూడదు.

మధురవాడ_మణి · ఏప్రిల్ 15, ఉదయం 9:12

దీనికి నేను చెప్తా, మొన్నే చదివాను. క్రిస్పర్! మన కంప్యూటర్‌లో యాంటీవైరస్ లాంటిది. పాత వైరస్‌ల ముక్కలు కణం తన డీఎన్ఏలో దాచుకుంటుంది, మళ్ళీ అదే వస్తే పోల్చుకుని నరికేస్తుంది. అప్‌డేట్ కూడా దానంతటదే అవుతుంది. అక్కా కరెక్టేనా?

ఉప్పుకల్లు · ఏప్రిల్ 15, రాత్రి 9:35

కరెక్ట్, పైగా నువ్వు మన టాపిక్‌లోకే తిరిగొచ్చావు. ఈ క్రిస్పర్ కథలో ముఖ్యమైన అధ్యాయం ఉప్పు మడిలోనే మొదలైంది.

స్పెయిన్‌లో సాంటా పోలా అని ఉప్పు మళ్ళున్న ఊరు. ఫ్రాన్సిస్కో మోహికా అనే కుర్రాడు అక్కడి హాలోఫెరాక్స్ అనే ఆర్కియా మీద పీహెచ్‌డీ చేస్తూ, డీఎన్ఏలో ఒకే వరస మళ్ళీ మళ్ళీ, సమాన దూరంలో రావడం గమనించాడు. 1993లో ప్రచురించారు. జపాన్‌లో 1987లోనే ఈ-కొలైలో ఇలాంటివి కనిపించాయి గానీ ఎందుకో ఎవరికీ తెలియదు. మోహికా పదేళ్ళు దాన్ని వదల్లేదు. ఆ వరసల మధ్యలో ఉన్న ముక్కలు వైరస్‌లవీ, ప్లాస్మిడ్‌లవీ (కణంలో విడిగా తిరిగే చిన్న డీఎన్ఏ చుట్టలు) అని 2005లో బయటపెట్టాడు. ఇది రోగనిరోధక శక్తి అయ్యుండాలి అన్నాడు. 2020 నోబెల్ మాత్రం దాన్ని జన్యువుల కత్తెరగా మార్చిన షార్పాంటియే, డౌడ్నాలకి వచ్చింది.

క్రిస్పర్ బ్యాక్టీరియాలో సగానికంటే తక్కువ జాతుల్లో ఉంటే, ఆర్కియాలో ఎక్కువ భాగానికి ఉంది. అప్పారావు గారి ప్రశ్నకి ఒక జవాబు ఇది.

మణీ, నీ యాంటీవైరస్ పోలిక ఒక చోట ఆగిపోతుంది. ఈ జ్ఞాపకం వారసత్వంగా వస్తుంది, తాత తిన్న దెబ్బ మనవడి డీఎన్ఏలో రాసి ఉంటుంది. వైరస్‌లూ ఊరుకోలేదనుకో. కొన్ని కణాలు వైరస్ దూరగానే లోపల ఒక చిన్న రసాయనాన్ని అలారంలా మోగిస్తాయి, దాంతో కోత మొదలవుతుంది. కొన్ని వైరస్‌ల దగ్గర ఆ అలారం అణువునే నమిలేసే ఎంజైమ్ ఉంది. 2020లో తేలింది. కాపలా కుక్క మొరిగేలోపు నోట్లో మాంసం ముక్క పెట్టినట్టు.

రెండో జవాబు ఇంకా విచిత్రం. సల్ఫోలోబస్‌లోనే ఒక జాతి మీద 2015లో చూశారు. వైరస్ తగలగానే కణాలు పెరగడం ఆపేసి, బిగుసుకుపోయి నిద్రలోకి పోయాయి. వేసిన వైరస్‌లు కణాల కంటే చాలా తక్కువ, అయినా దాదాపు అన్నీ పడుకున్నాయి. చచ్చిన వైరస్‌ని వేసినా పడుకున్నాయి! వైరస్ పోయాక ఒకటి రెండు రోజుల్లో లేచి మామూలుగా పెరిగాయి. లాక్‌డౌన్ అంటే ఇదీ.

మూడోది 2021 నాటిది. ఇంకో వైరస్ పడ్డాక సల్ఫోలోబస్ కణం విడిపోవడం మానేసి ఉబ్బుతూ పోయింది. మామూలు కణానికి ఇరవై రెట్ల వ్యాసం దాకా, అంటే గోళీకాయ ఫుట్‌బాల్ అయినట్టు. లోపలంతా వైరస్ కార్ఖానా. అయితే కొన్నాళ్ళకి ఆ రాక్షస కణాలు మొగ్గలు తొడిగి మామూలు సైజు కణాల్ని వదిలాయి, వాటిలో ఆ వైరస్‌కి లొంగనివీ ఉన్నాయి. ఈ కథలో ఎవరు గెలిచినట్టు? మా ల్యాబ్‌లో దీని మీద ఒకసారి టీ చల్లారిపోయేదాకా కొట్టుకున్నాం.

మాస్టారు_రిటైర్డ్ · ఏప్రిల్ 16, ఉదయం 6:10

మా ఊళ్ళో గోబర్ గ్యాస్ తొట్టి ఉండేది. మీథేన్ చేసేవి కూడా ఆర్కియాయే కదా అమ్మాయీ, వాటికీ వైరస్‌లున్నాయా?

ఉప్పుకల్లు · ఏప్రిల్ 16, ఉదయం 8:45

ఉన్నాయి మాస్టారూ, దొరికినవి మాత్రం తక్కువ. గాలి సోకితే చచ్చే జీవుల్ని పెంచడమే కష్టం, ఇక వాటి వైరస్‌ల్ని పట్టడం ఇంకా. సై-ఎం1 అని ఒకటి 1980లలోనే దొరికింది, మీథేన్ చేసే ఆర్కియా గోడని కోసే ఎంజైమ్ దాని దగ్గరుంది.

అనుమానం_అప్పారావు · ఏప్రిల్ 16, ఉదయం 9:30

అంతా ఎవరో ఎక్కడో చేసినవే. స్పెయిన్, ఐస్‌లాండ్, కొరియా. మన నీళ్ళలో ఉన్నాయని రుజువేదీ? పీహెచ్‌డీ పేరుతో కాలక్షేపం.

మధురవాడ_మణి · ఏప్రిల్ 16, ఉదయం 9:41

ఒక మనిషి రాత్రి పదకొండింటికి కూర్చుని టైపు చేసి చెప్తుంటే మీకు కాలక్షేపమా? మీరే ఏదైనా చెప్పండి మరి.

నిర్వాహకుడు · ఏప్రిల్ 16, ఉదయం 10:00

ఇద్దరూ ఆపండి. రెండు కామెంట్లు తీసేశాను. ప్రశ్న అడగొచ్చు, మనిషిని అనకూడదు.

భీమిలి_బుల్లోడు · ఏప్రిల్ 19, సాయంత్రం 6:20

అప్పారావు గారూ, రుజువు నా కిటికీలో ఉంది 😎

రెండు గాజు గ్లాసులు తీసుకున్నా. ఒకదాంట్లో మడి నీళ్ళు అలాగే పోశా. రెండోదాంట్లో ఒక వంతు మడి నీళ్ళు, మూడు వంతులు కుళాయి నీళ్ళు. వెనక పేపరు పెట్టి చూశా. మొదటి గ్లాసు మబ్బుగా ఉంది, అక్షరాలు కనబడవు. రెండోది పోసిన కాసేపటికే తేటపడిపోయింది, కాస్త గులాబీ ఛాయ ఉందంతే, పేపర్లో సినిమా యాడ్ చదివేశాను. ఉప్పు తగ్గగానే లోపలి వైరస్‌లు లేచి కణాల్ని పగలగొట్టేశాయి, అంతే కదా?

ఉప్పుకల్లు · ఏప్రిల్ 19, రాత్రి 9:05

మీరు చేసింది చూసి సంబరపడ్డాను, కానీ అది వైరస్ పని కాదండీ.

నా పరువు పోయినా సరే, మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం చెబుతా. వైరస్ ఉందో లేదో చూసే పద్ధతి ఏంటంటే, ప్లేటు నిండా ఆర్కియాని పొరలా పెంచుతాం. 40 డిగ్రీల దగ్గర వారం పైనే పడుతుంది, ఈలోగా ప్లేటు ఎండి ఉప్పు గింజలు లేవకుండా ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెడతాం. మడి నీళ్ళని చాలా సన్నటి ఫిల్టర్‌లో వడగడతాం, కణాలు పైన ఆగిపోతాయి, వైరస్‌లు కిందికి దిగుతాయి. ఆ నీళ్ళని పొర మీద బొట్టు పెడతాం. వైరస్ ఉంటే బొట్టు పెట్టినచోట ఎర్రపొర పోయి గుండ్రంగా తేట పడుతుంది.

నాకు ఏ బొట్టు పెట్టినా తేట పడింది. ఎంత పలచన చేసి పెట్టినా పడింది. ల్యాబ్ అంతా స్వీట్లు పంచేదాన్నే. మా గైడ్ మేడమ్ ప్లేటు లైటుకి పెట్టి చూసి ఒకటే అడిగారు, "పలచన దేంతో చేశావు?" మామూలు బఫర్‌తో, అంటే పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణంతో. అందులో ఉప్పు లేదు. నేను ఆర్కియా మీద మంచినీళ్ళ బొట్లు పెట్టి, అవి పగిలితే వైరస్ అనుకున్నానన్నమాట! తర్వాత ఉత్త బఫర్ బొట్టు పెట్టినా అంతే తేట. మూడు వారాల ప్లేట్లు కవర్లతో సహా పారేశా.

మీ గ్లాసులో జరిగిందీ అదే. పైగా నాలుగింతలు పలచన చేస్తే ఏ నీళ్ళైనా కాస్త తేటపడతాయి. మూడో గ్లాసు పెట్టండి. లీటరుకి 300 గ్రాముల లెక్కన కల్లుప్పు కరిగించి, తేరాక, ఆ ఉప్పునీళ్ళు మూడు వంతులు, మడి నీళ్ళు ఒక వంతు కలపండి. అప్పుడు రెండో గ్లాసునీ మూడో గ్లాసునీ పక్కపక్కన పోల్చండి.

భీమిలి_బుల్లోడు · ఏప్రిల్ 21, రాత్రి 8:50

పెట్టాను. మూడోది పలచగా ఉంది గానీ మబ్బు పోలేదు, పేపరు మసగ్గానే కనిపిస్తోంది. రెండోది అద్దంలా ఉంది. అంటే పగలగొట్టింది కుళాయి నీళ్ళే. మా ఆవిడ కల్లుప్పు డబ్బా ఖాళీ అయిందని గోల.

అయితే ఇంకో డౌటు. వానాకాలం మళ్ళ మీద వాన పడితే ఇదే జరుగుతుంది కదా? అప్పుడు కణంలో ఉన్న వైరస్ గతేంటి? ఇల్లు కూలితే అద్దెకున్నవాడూ పోతాడా?

ఉప్పుకల్లు · ఏప్రిల్ 21, రాత్రి 11:20

ఇది అసలైన ప్రశ్న. మీరు సరదాకి అన్న "ఉప్పు తగ్గగానే వైరస్ లేస్తుంది" అన్న మాటలో కూడా కొంత నిజం ఉంది, కానీ మీ గ్లాసు దాన్ని చూపలేదు.

1974లో దొరికిందన్నానే, ఆ వైరస్‌నే మళ్ళీ పరీక్షిస్తే, ఉప్పు నిండుగా ఉన్నప్పుడు కణాలతో సర్దుకుపోయి ఉంది. ఉప్పు కాస్త తగ్గిస్తే, కణం ఇంకా పగలని స్థాయిలోనే, విజృంభించి కణాల్ని పగలగొట్టింది. జమైకాలో వాన పడితే పలచబడే ఉప్పు మడుగుల్లో 1980లలో ఇలాంటి వైరస్‌ల మీదే పనిచేశారు, అక్కడా ఇదే ధోరణి. వాళ్ళు చెప్పిన కారణం నాకు సబబుగా తోస్తుంది. ఉప్పు నిండుగా ఉన్నన్నాళ్ళూ ఆర్కియాకి మంచి రోజులు, ఇల్లు భద్రం, అద్దెకుంటే చాలు. ఉప్పు పలచబడుతోందంటే ఇల్లు కూలే రోజు దగ్గరపడింది. ఇంకా ఉండి లాభం లేదు, ఉన్నంతలో కాపీలు తీసుకుని బయటపడాలి.

బయటపడ్డాక కూడా కొన్ని గట్టివి. నిమ్మకాయ హిస్1 ఉందే, అది సముద్రపు నీళ్ళ కంటే పలచని ఉప్పులోనూ చెక్కుచెదరదు, మళ్ళీ ఉప్పు ముదిరేదాకా ఆగగలదు. తన ఇంటివాడు బతకలేని నీళ్ళలో తాను బతుకుతుంది. అన్నీ అంత గట్టివి కావు, కొన్ని ఉప్పు తగ్గగానే విడిపోతాయి.

భీమిలి మళ్ళలో ఏం జరుగుతుందో మాత్రం చూడాల్సిందే. అప్పారావు గారి మాట ఆ రోజు కోపం తెప్పించింది గానీ, అడిగింది న్యాయమే. బుల్లోడు గారూ, మీరు ఆ దారినే తిరుగుతారు కదా, ఒక సాయం చేస్తారా? మొదటి వానకి ముందు ఒకసారి, వాన పడిన మర్నాడు ఒకసారి, అదే మడి, అదే మూల నుంచి, చెరో 50 మిల్లీలీటర్లు. శుభ్రమైన కొత్త మందు సీసాలో. మంచినీళ్ళతో కడగొద్దు, ఆ మడి నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి నింపండి. మడి గలవాళ్ళని ముందు అడగండి.

అనుమానం_అప్పారావు · ఏప్రిల్ 22, ఉదయం 6:45

సీసా మీద తేదీ, టైము రాయమనండి. లేకపోతే మళ్ళీ రేపు ఏది ముందుదో ఏది వెనకదో అని కొట్టుకుంటారు.

ఉప్పుకల్లు · ఏప్రిల్ 22, ఉదయం 8:10

😄 కచ్చితంగా. మీరే చెప్పాలి అలాంటివి.

భీమిలి_బుల్లోడు · మే 9, రాత్రి 10:37

ముందు సీసా ఏప్రిల్ 27 పొద్దున్న నింపాను, ఫ్రిజ్‌లో పెడితే మా ఆవిడ ఒప్పుకోలేదు, బీరువా మీద ఉంది. ఇప్పుడే ఇక్కడ వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉరుములు, గట్టి వాన. భీమిలిలో ఉన్న పెద్దాయనకి ఫోన్ చేశా, అక్కడ గంట నుంచీ కురుస్తోందట, ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పే హడావుడిలో ఉన్నాడు. రేపు ఆరింటికల్లా వెళ్తున్నా. మేడమ్, సీసా ఎక్కడికి తెచ్చివ్వాలో చెప్పండి.